గ్రహణం చూసిన ఎక్స్‌రే

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. హైమ అనే ఆరేళ్ల పిల్ల తుంటి ఎముకలు నాలో ఉన్నాయి. ఆ పిల్ల మీద నాకే కోపమూ లేదు. కోపమంతా వాళ్ల నాన్న గురవయ్య మీదే. ఇప్పటికీ చల్లారలేదు.

పిడుగురాళ్లలో సున్నపు బట్టీ మేస్త్రీ అతను. మోకాలు నొప్పంటూ పిల్ల కుంటుతోందని భార్య శివపార్వతి పోరగా పోరగా ఆస్పత్రికి తెచ్చాడు. డాక్టరమ్మ హైమ కాలు అటూ ఇటూ తిప్పి చూసి, తుంటికి ఎక్స్‌రే రాసింది. అలా చీకటిగదిలో పుట్టాను. ఒంటి తడి ఆరకముందే ఆమె నన్ను లైటుపెట్టెకు తగిలించింది.

"తొడ ఎముక తలకి రక్తం సరిగ్గా అందట్లేదండీ. ఎముక ఇంకా గుండ్రంగానే ఉంది. ఈ వారంలోనే గుంటూరు తీసుకెళ్తే అణగకుండా కాపాడొచ్చు."

"మోకాలు నొప్పని పిల్ల మొత్తుకుంటంటే తుంటికి ఫోటో తీస్తారా? మేం అంత ఎర్రోళ్లలాగా కనబడతన్నామా?"

"తుంటిలో జబ్బున్నా పిల్లలకి నొప్పి మోకాల్లోనే తెలుస్తుందండీ..."

"చాల్చాల్లేమ్మా!" అని నన్ను గుంజుకుని బయటికి నడిచాడు.

నన్ను బీరువా మీదికి విసిరేసి, మోకాలికి పసరు కట్టించాడు. కొన్నాళ్లు నొప్పి తగ్గింది కూడా. అప్పుడు చూడాలి అతని మీసం! డాక్టర్లంతా దొంగలేనని వీధంతా చాటాడు. పొగ రంగు చూసి బట్టీలో రాయి ఉడికిందో లేదో చెప్పే మనిషి, కన్నకూతురి నడక చూడలేకపోయాడు.

ఏడాది తిరిగేసరికి సూర్యగ్రహణం వచ్చింది. అప్పుడు గుర్తొచ్చాను! ఎక్స్‌రే ఫిల్ములోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్లు పోతాయని పక్కింటాయన అన్నా వినకుండా, డాబా మీద నన్ను ఎత్తిపట్టుకున్నాడు. హైమ తుంటి అతని కంటికి జానెడు దూరంలో ఉంది. సూర్యుడికి పట్టింది కనపడింది. కూతురికి పట్టింది కనపడలేదు.

"అమ్మా, మెట్లెక్కలేనే" అని కిందనుంచి ఏడుపు వినిపించింది.

శివపార్వతి మొగుడి చేతిలోంచి నన్ను లాక్కుంది. గబగబా దిగి, పిల్లను చంకనేసుకుంది.

"గ్రహణం విడవకుండా గడప దాటతావా ఏందే?" అని అరిచాడు గురవయ్య.

ఆమె వెనక్కి చూడలేదు. గుంటూరు బస్సెక్కింది.

అక్కడి డాక్టరు కొత్త ఫిల్మును నా పక్కన పెట్టాడు. నాలో గుండ్రంగా ఉన్న ఎముక తల, అందులో తొక్కిన మట్టిముద్దలా అణిగిపోయి ఉంది. "ఇది తీసినప్పుడే వచ్చుంటే..." అని ఆగిపోయాడు. ఆపరేషన్ చేశారు. నొప్పి పోయింది. కుంటు మాత్రం కొంత మిగిలింది. అది పోదట.

ఇంటికొచ్చాక శివపార్వతి నన్ను గురవయ్య అన్నానికి కూర్చునే చోటికి ఎదురుగా, కిటికీ అద్దానికి అంటించింది.

"ఇదేందే? తీసెయ్" అన్నాడతను.

"మోకాలు కాదుగా, నీకెందుకు? తిను."

రోజూ తల వంచుకునే తింటాడు. ఎండ ఆ ఎముకల గుండానే వచ్చి అతని కంచంలో పడుతుంది.