సగం తొలిచిన దవడలు

మా మరిది ఎంగిలి చేత్తో కాకిని తోలే రకం కాదు. అందుకే వైస్ దవడలు కొనకుండా మన షాపులోనే చేసుకుందామని అతను పట్టుబట్టడంలో వింతేమీ లేదు. వద్దు, కొందామని నేను అన్నందుకే షాపంతా నోరెళ్లబెట్టింది.

లోహాన్ని చెక్కే మిల్లింగ్ మిషన్ మీద ముక్కను కదలకుండా బిగించి పట్టేది వైస్. దాని నోట్లో ముక్కను పట్టుకునే రెండు దిమ్మలే దవడలు. బజారులో దొరికేవి చదునుగా ఉంటాయి. సొంతంగా చేసుకుంటే అల్యూమినియం దిమ్మలు బిగించి, పట్టాల్సిన ముక్క ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే వాటిలో తొలుచుకోవచ్చు. మా ఆయన జన్మలో దవడలు కొనలేదు. "కొన్న దవడ కరుస్తుందే, మనం చేసుకున్నది పట్టుకుంటుంది" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. నాకూ మిల్లింగ్ నేర్పింది ఆయనే. నేర్పినంతసేపూ తిట్టాడు, నేనూ తిరిగి తిట్టాను.

షాపులో ఆయన్ని ఆకురాయి అని పిలిచేవాళ్లు, ఇనుము రాకే ఆ పనిముట్టు ఆయన చేతిలో లేని పూట ఉండేది కాదు కనుక. ఏ ముక్క తయారైనా దాని అంచుల పదును చంపితే గానీ పని అయినట్టు ఒప్పుకునేవాడు కాదు. ఎడమచేతి వాటం. ఆయన రాకిన అంచుమీద సన్నని గీతలు ఎడమవైపుకు వాలి ఉంటాయి. ఆ ముక్క ఎవరు చేశారని ఎవరూ అడగనక్కర్లేదు.

పోయిన చలికాలం పెద్ద మిషన్ ముందు ఆయన కూలిపోయాడు. గుండె ఆగిందన్నారు. మిషన్ ఆపి మరీ పడిపోయాడు, అదీ ఆయన జాగ్రత్త. వైస్‌లో దవడలు సగం తొలిచి ఉన్నాయి. గుండ్రటి గుంట మోటుగా తెగింది. ఆఖరి నునుపు కోత ఒక్కటే మిగిలింది.

కొన్నాళ్లకు మధ్యాహ్నం భోజనాల వేళ కంప్రెసర్ ఆగినప్పుడు ఆ చప్పుడు విన్నాను. టక్, టక్. కాసేపాగి, టక్. ముక్క వైస్‌లో సరిగ్గా కూర్చుందో లేదో చూడడానికి మా ఆయన కొయ్యసుత్తితో కొట్టే తీరే అది. రెండు దెబ్బలు వేసి, చెవి ఒగ్గి విని, మూడోది వేసేవాడు. చల్లారుతున్న గొట్టమేమో అని సర్దిచెప్పుకున్నాను. కానీ నేను కుడివైపు పెట్టిన సుత్తి ఎప్పుడు చూసినా ఎడమవైపు ఉండేది. భయం వేయలేదంటే అబద్ధం. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఆ చప్పుడు కోసమే అన్నం డబ్బా తెచ్చుకుని పెద్ద మిషన్ పక్కన కూర్చోసాగాను.

"పోయినా చాదస్తం పోలేదు మీకు" అనేదాన్ని.

టక్, అనేది సుత్తి.

ఎందుకు ఉండిపోయాడో నాకు తెలుసు. చేస్తున్న పని సగంలో వదిలి ఆయన అన్నానికి కూడా లేచేవాడు కాదు. ఆ దవడలు సగంలో ఉన్నంతకాలం ఆయన ఎక్కడికీ పోడు. అవి పూర్తి కాకూడదు. విప్పకూడదు కూడా, ఎందుకంటే ఒకసారి విప్పిన దవడ మళ్లీ వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోదు. ఆ మిషన్‌ను ఎవరినీ తాకనివ్వలేదు.

అప్పుడే పంపుల కంపెనీ నుంచి ఇత్తడి రింగుల పని వచ్చింది. పలచటి గోడ, పెద్ద చుట్టు. ఈ పని ఇస్తామని వాళ్లు ముందే చెప్పి ఉన్నారు; మా ఆయన ఆ దవడలు మొదలుపెట్టిందే ఈ రింగుల కోసం.

"అన్నయ్య తొలిచింది ఉంది కదా వదినా. ఒక్క కోత వేస్తే అయిపోతుంది" అన్నాడు మరిది.

"దవడలు కొను. చిన్న మిషన్ మీద చేద్దాం."

"కొన్నవి చదునుగా ఉంటాయి. రింగు నలిగిపోదూ?"

"నువ్వు లేత్ మిషన్ చూసుకో. మిల్లింగ్ సంగతి నాకొదిలెయ్" అన్నాను. నా నోటికి జడిసి కొన్నాడు పాపం.

నలిగింది. చదును దవడలు రింగును రెండు వైపులా నొక్కాయి. బిగించి ఉన్నప్పుడు గుండ్రంగా తెగిన రంధ్రం, వదలగానే కోడిగుడ్డయింది. పెట్టె మొత్తం తిప్పి పంపారు. అక్కడ సొంత దవడలు చేద్దామన్నా, చిన్న మిషన్ వైస్ నోట్లో తొలిచేంత మందం దిమ్మలు పట్టవు. ఇంకొక్కసారి తిరిగొస్తే పని ఇంకొకరికి ఇస్తామన్నారు. అది పోతే షాపు మూయడమే.

మరిది ఆ పెట్టె మీద కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నాకూ వినిపిస్తుంది వదినా."

నా చూపు పెద్ద మిషన్ మీదికి పోయింది.

"అన్నయ్య ఉన్నాడని నాకూ తెలుసు. కానీ ఆయన్ని అలా మిషన్ ముందు నిలబెట్టేసి ఉంచితే ఎలా? కాళ్లు పీకవా ఆయనకి?"

ఆ మాటకు నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది. రోజూ ఇంటికెళ్లాక వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని, "ఇవాళ్టికి అయిపోయిందే" అని కళ్లు మూసుకునే మనిషి గుర్తొచ్చాడు.

ఆ మధ్యాహ్నమే పెద్ద మిషన్ ఆన్ చేశాను. ఆయన బిగించిన టేబుల్ బిగించినట్టే ఉంది. కత్తిని వెంట్రుకంత బయటికి జరిపి ఆఖరి కోత వేశాను. అల్యూమినియం పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుంటూ రాలింది. గుంట అద్దంలా వచ్చింది. అంచులు రాకాను, ఒక్కటి తప్ప. ఎడమ దవడ లోపలి మూల కావాలనే వదిలేశాను. ఆ కాస్త పని మిగిలితే ఆ కాస్తకైనా ఉంటాడని నా ఆశ.

మరిది చెయ్యి పెట్టి చూసి బొటనవేలు కోసుకున్నాడు. "ఇక్కడ పదును అలాగే ఉంది వదినా!"

"తెలుసు. దాని జోలికి పోకు" అన్నాను. వేలు నోట్లో పెట్టుకుని నా మొహంలోకి చూశాడు.

షాపుకు నేనే తాళం వేశాను, తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను.

పొద్దున నేనే తెరిచాను. నేరుగా వెళ్లి ఆ మూల తడిమాను. వేలు తెగలేదు. అంచు నున్నగా ఉంది. దీపం దగ్గరగా పెట్టి చూశాను. సన్నని గీతలు, అన్నీ ఎడమవైపుకు వాలి ఉన్నాయి. ఆకురాయి దులిపి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టి ఉంది. రోజు పని ముగిశాక ఆయన అలాగే పెట్టేవాడు.

రింగు ఆ దవడల్లో ఇట్టే కూర్చుంది. విప్పి కొలిస్తే ఎటు చూసినా గుండ్రమే.

భోజనాల వేళ కంప్రెసర్ ఆగింది. డబ్బా మూత తీయకుండా కూర్చున్నాను. మరిది కూడా లేత్ ఆపి వచ్చి నిలబడ్డాడు. సుత్తి నేను పెట్టిన చోటే, కుడివైపే ఉంది. ఇద్దరం చాలాసేపు విన్నాం.

"వెళ్లిపోయాడా వదినా?"

"పని అయిపోయిందిగా" అన్నాను.

ఆ ఒక్క మూలా వదిలేస్తే ఏం పోయేది ఆ మనిషికి!