మేస్త్రి కాలికి సెంట్రింగ్

మొండిఘటాల్ని చాలామందిని చూశాం గానీ, ఈ మేస్త్రిలాంటి వాణ్ణి చూడలేదు. పరంజా మీంచి పడి కుడికాలు మోకాలి కింద విరగ్గొట్టుకున్నాడు. డాక్టరమ్మ ఎముక లోపల రాడ్డు వేసింది. నాలుగైదు నెలల్లో అతుక్కోవలసిన ఎముక ఏడాదైనా అతుక్కోలేదు. ఎక్స్‌రేలో విరిగిన చోటు అలాగే నోరు తెరుచుకుని కనబడితే మేస్త్రికి ఒకటే భయం. కాలు తీసేస్తారేమో! ఆ మాట పెళ్లాం ముందు అనలేక లోలోపలే కుమిలిపోయాడు.

డాక్టరమ్మ మళ్లీ ఆపరేషన్ చేసింది. పాత రాడ్డు లాగేసి, ఎముక లోపల తొలిచి, ఇంకాస్త లావు రాడ్డు దించింది. విరిగిన చోట గీకి శుభ్రం చేసి, తుంటి నుంచి తీసిన ఎముక ముక్కలు కూరింది.

"రేపట్నుంచే ఆ కాలి మీద బరువెయ్యాలి. బరువు పడితేనే ఎముక పెరుగుతుంది" అని గట్టిగా చెప్పింది.

మేస్త్రి బుద్ధిగా తలూపాడు. ఇంటికెళ్లాక కాలు నేలకి ఆనిస్తే ఒట్టు! ముప్పై ఏళ్లుగా స్లాబులు పోసిన మనిషి. స్లాబు గట్టిపడకముందే దాన్ని కింద మోసే సెంట్రింగ్ కర్రలు తీసినవాణ్ణి చెడామడా తిట్టే మనిషి. పచ్చి అతుకు మీద బరువెయ్యమంటే వింటాడా? చంకకర్రల మీద వేలాడుతూనే తిరిగాడు. భార్య బతిమాలింది, అరిచింది, మాట్లాడ్డం మానేసింది. ఊహూ, ససేమిరా అన్నాడు.

రెండు నెలల తర్వాత డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి మొహం చిట్లించింది. వంగి అతని చెప్పులు కూడా చూసింది.

"మేస్త్రి గారూ, ఎడమ చెప్పు అరిగిపోయింది. కుడిది ఇంకా కొట్లో ఉన్నట్టే కొత్తగా ఉందేం?"

మేస్త్రి కుడికాలు చంకకర్ర వెనక్కి లాక్కున్నాడు. భార్య ఊరుకుంటుందా!

"అడగండి డాక్టరమ్మా! సెంట్రింగ్ అప్పుడే తియ్యకూడదట! తన కాలేదో మేడయినట్టు!"

డాక్టరమ్మ నవ్వలేదు. "సెంట్రింగ్ ఎవరు తీశారండీ? ఆ రాడ్డే సెంట్రింగు. లోపలే ఉంది, నేను తియ్యను. మీరు ధైర్యంగా తొక్కండి."

మేస్త్రి ఎక్స్‌రే వంక చాలాసేపు చూశాడు. పైనుంచి కిందదాకా నిటారుగా రాడ్డు, రెండు చివర్లా అడ్డంగా బిగించిన మరమేకులు. తన పనివాళ్లెవరైనా కర్ర అంత తిన్నగా నిలబెడితే భుజం తట్టేవాడు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా" అని గొణిగి, కుడికాలు ఆనించాడు. నొప్పి నషాళానికెక్కింది. పళ్లు బిగబట్టి రెండో అడుగు కూడా వేశాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు రోజూ నడిచాడు. చంకకర్రలు పోయి చేతికర్ర వచ్చింది. నాలుగో నెల చివర డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రేని లైటు ముందు పెట్టి, "అతుక్కుంది" అంది. "నిజంగానా?" అని మేస్త్రి మూడుసార్లు అడిగాడు. హమ్మయ్య! కాలు దక్కింది.

వరండాలోకి రాగానే భార్య ఉన్నపళంగా నేల మీద కూలబడి భోరుమంది. ఇన్నాళ్లూ అతన్ని లేపింది, కూర్చోబెట్టింది, ఒక్కసారి కంటతడి పెట్టలేదు. మేస్త్రి కంగారుపడి కర్ర గోడకి ఆనించాడు. రెండు కాళ్ల మీదా నిలదొక్కుకుని, వంగి రెండు చేతులూ చాపాడు.

"లే, లే. నేను పట్టుకుంటాలే" అన్నాడు.