వడియాలు ఎవరు పెట్టినారు

నా రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. నలభై దాటాక పలక పట్టిన చెయ్యి ఇది. పొయ్యి దగ్గర ఆడినంత చురుగ్గా కాగితం మీద ఆడదు. అయినా ఈ సంగతి ఇంకొకరి చేత రాయించడం ఇష్టం లేకపోయింది.

తెల్లవారుజామునే బియ్యప్పిండి ఉడికించి, మిద్దెపైన పాత చీర పరిచి, రాఘవమ్మ వడియాలు పెట్టి దిగింది. ఎవరూ చూడలేదు. మొగుడు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె పని ఎవరికీ కనబడదు. కూడు దానంతటదే ఉడుకుతుందని, గిన్నెలు వాటంతటవే మెరుస్తాయని అందరి నమ్మకం. "నీకింత కూడు పెట్టి నీడ ఇచ్చినాం" అని మాత్రం అత్త చెంగమ్మ తరచూ గుర్తు చేసేది.

ఆ మధ్యాహ్నమే తోడికోడలు వసంత ఆ మిద్దెపైనుంచి పడి చచ్చిపోయింది. టీచరు ట్రైనింగుకు పోతానని మొగుడు మునికృష్ణతో కొన్నాళ్లుగా పోట్లాడుతున్న పిల్ల.

కొత్త చట్టం వచ్చిన రోజులవి. పెళ్లయిన కొన్నేళ్లకే కోడలు చస్తే శవపంచాయితీకి తాసీల్దారే రావాలి. మర్నాడు పోలీసులతో వచ్చాడు. వీధి పెద్దలు పెరట్లో బెంచీల మీద కూర్చున్నారు. వడియాలు పెట్టడానికి మిద్దెక్కింది, కాలు జారింది అని మునికృష్ణ చెప్పాడు. గుమస్తా రాసుకున్నాడు. కోడలు చావుకు చెప్పడానికి ఆ ఇంటివాళ్లకు ఇంటిపని తప్ప వేరే కారణం తట్టలేదు.

రాఘవమ్మ చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టింది.

"ఆ వడియాలు నేను పెట్టినాను సామీ."

"వదినా, లోపలికి పో" అన్నాడు మునికృష్ణ.

"ఇద్దరూ కలిసి పెట్టినారేమో కదమ్మా" అన్నాడు తాసీల్దారు.

తరవాతి మాట అంటే ఈ ఇంట్లో తనకిక చోటు లేదని ఆమెకు తెలుసు. చచ్చిన పొద్దున కూడా వసంత గడప అవతల, పైనుంచి జారవిడిచిన ముద్ద తింటూ, "ఈ మూడు దినాలేక్కా నాకు చదువుకునే తీరిక" అని నవ్వింది. పక్కన బోర్లించిన పుస్తకం.

"వసంత ముట్టయింది సామీ. నిన్నటికి రెండో దినం. దాని నీడ పడితే వడియాలు ఎర్రబారతాయని మా అత్త మిద్దె మెట్ల కాడికే రానీదు. వడియాలు పెట్టను దాన్ని ఎవరు పంపినారో అడగండి."

చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దలు నేల చూశారు. వాళ్లలో వరదయ్య, మొగోళ్ల ముందర ఇవేం మాటలమ్మా అని గొణిగాడు.

"మూల కూర్చోబెట్టేటప్పుడు లేని సిగ్గు, ఇప్పుడు యాడ నుంచి వచ్చింది పెద్దాయనా?"

గుమస్తా 'ఒంట్లో నలత' అని రాశాడు. రాఘవమ్మ చదివించుకుని వినింది. తను అన్న మాటే రాయమంది. గుమస్తా కొట్టేసి ఆ మాట రాశాకే ఆమె వేలిముద్ర వేసింది.

మునికృష్ణను జీపెక్కించారు. చెంగమ్మ గుండెలు బాదుకుంది. "మా కూడు తిని మా ఇంటికే చిచ్చు పెడతివే."

"ఆ కూడు వండింది నేనే అత్తా."

రాఘవమ్మ మిద్దెక్కింది. వడియాలు ఎండి ఉన్నాయి. చీరతో సహా మూట కట్టుకుని, భుజాన వేసుకుని, వీధి వాకిలి గుండానే బయటికి నడిచింది.

రాఘవమ్మ, నలభై ఎనిమిదేళ్లు, ప్రస్తుతం తిరుచానూరు.