పక్కకి పడ్డ చుక్క

లెక్కలావిడ పొద్దున్నే పటాల ఆఫీసుకి రాగానే, టీ చల్లారేలోపు ఒక పాతకాలపు పటాన్ని కంప్యూటర్లో పరుస్తుంది. దాన్ని కాస్త తిప్పి, కాస్త సాగదీసి, ఇవాళ్టి పటానికి వీలైనంత దగ్గరగా తెస్తుంది. అంత చేసినా ఏ చోటి చుక్క ఎంత పక్కకి పడిందో, అదీ తప్పు. తప్పులన్నిటి సగటు తీసి, పటాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పడం ఆవిడ పని. వంకలు పెట్టినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఇదొక్కటేనని ఆవిడ భర్త ఎగతాళి చేస్తుంటాడు.

ఆవిడ అక్క ఇల్లు ఒకప్పుడు ఆఫీసుకి రెండు వీధుల అవతల ఉండేది. అమ్మ పోయిన రోజు అక్క నోరు జారి, "అమ్మకి నువ్వు చేసిందేముంది?" అంది. అప్పట్నుంచీ మాటల్లేవు. మాటల్లేనివాళ్ళ మధ్య దారి సాగి పొడుగైపోవడం ఆ ఊళ్ళో మామూలే కాబట్టి, ఇప్పుడు అక్క ఇంటికి వెళ్ళాలంటే ఆవిడ రెండు బస్సులు మారాలి. ఇలాగే ఉంటే మూడోది కూడా పట్టేట్టుందని కండక్టరు మొన్ననే చెప్పాడు.

ఆ మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. "మీ అక్కకి సాయంత్రం కంటి ఆపరేషనట. తోడు ఎవరూ లేరట."

"నాకెందుకు చెప్తున్నారు?" అని పెట్టేసింది. ఫోనైతే పెట్టేసింది గానీ పని మీద మనసు నిలవలేదు.

ఇంతలో పై ఆఫీసరు వచ్చి తెర మీదికి వంగాడు. "ఆ పిండిమిల్లు చూశారా? ఊరి బయట ఎక్కడో పడేశాడు. ఈ పటం పనికిరాదని రాసేద్దాం."

"పటం గీసినాయనకి మిల్లాయనతో పడేది కాదేమో సార్. ఆయన కాళ్ళకి అది అంత దూరమే."

"కారణం ఏదైతేనేం, తప్పు తప్పేగా?"

"తప్పే సార్. కానీ వంతెన, బడి, బావులు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఈ ఒక్కదాన్నీ కలిపితే సగటంతా పాడవుతుంది. దీన్ని విడిగా పెట్టి చూడాలి. ఒక్క చుక్క దూరంగా పడిందని పటమంతా అబద్ధమంటే ఎలా?"

అనేసి, ఆవిడ తన మాట తనే విన్నట్టు ఆగిపోయింది. తనకి లెక్కలు నేర్పిన అక్క, జ్వరమొస్తే మంచం దిగనివ్వని అక్క, ఏది పంచినా పెద్ద ముక్క తనకే పెట్టిన అక్క. అవన్నీ వదిలేసి ఒక్క మాటతోనే ఇన్నేళ్ళూ అక్కని కొలిచింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఆఫీసరుకి చెప్పీ చెప్పకుండానే బయటపడింది. బస్సు కోసం కూడా ఆగకుండా నడిచింది. ఏం మాట్లాడాలో ఇంకా తేల్చుకోకముందే, రెండో మలుపులో అక్క గేటు ఎదురైంది. అక్క అప్పుడే తాళం వేసి ఆటోలో కూర్చుంటోంది. మరో నిమిషమైతే వెళ్ళిపోయేదే.

"ఎలా వచ్చావే?"

"నడిచి."

అక్క తల బయటపెట్టి వీధి చివరికి చూసింది. చెల్లెలి ఆఫీసు కిటికీలు అక్కడే కనిపిస్తున్నాయి.

"ఆ రోజు నేనన్న మాట..."

"దాన్ని విడిగా పెట్టేశానక్కా. జరుగు."

అక్క సంచీ ఒళ్ళోకి తీసుకుని జరిగింది.