ఆర్సీలో రంగు గడి

ఐదుగురట, డ్రైవరుతో కలిపి ఐదుగురు కూర్చోవచ్చని రాసి ఉంది, ఇంట్లో ఉన్నది ఇద్దరమే, నేనూ మా ఆవిడా, అయినా ఆ కారెక్కిన ప్రతిసారీ మూడోవాడు ముందే వచ్చి కూర్చుని ఉన్నట్టే ఉంటుంది నాకు, కనపడడు, మాట్లాడడు, బెల్టు కూడా పెట్టుకోడు, చచ్చిపోయి ఆరేళ్ళయిన మనిషికి బెల్టెందుకులే, ఆయన పేరు మాత్రం ఇదిగో ఈ ఆర్సీ కార్డు మీద పై వరసలోనే దర్జాగా ఉంది, యజమాని పేరు అని రాసి దాని పక్కనే, మా ఆవిడ మొదటి భర్త పేరు, నా లెక్కలో ఆయన పేరు మొదటాయన, అసలు పేరు నేను నోటితో పలకను, మా రంగుల షాపుకొచ్చిన కస్టమరు ఎవరైనా అదే పేరు చెబితే ఆ రంగు డబ్బా పక్కవాడి చేతికిచ్చి నేను వెనక్కి వెళ్ళిపోతాను, చచ్చినవాడి మీద అంత కుళ్ళా అంటే అంతే, కుళ్ళే, దాచుకోవడమెందుకు.

ఏంటి బాబూ, ఇందాకటి నుంచీ ఆ కార్డు అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నావు, అందులో ఏమైనా సినిమా ఆడుతోందా, ఇటివ్వు నేను చదివిపెడతా అంటున్నాడు కళ్ళద్దాల ఏజెంటు, రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ పక్కన మడత బల్ల వేసుకుని ఫారాలు నింపే ముసలాయన, నవ్వాను, చదవడం నాకూ వచ్చు, కానీ నేను చదువుతున్నది వేరే దానికి, తప్పు వెతుకుతున్నాను, ఒక్కటి, ఒకే ఒక్క తేడా దొరికితే చాలు, ఏమోయ్, కాగితాల్లో తేడా ఉందట, నీ పేరుకి మారదట, ఇక అమ్మేయడమే దారి అని ఇంటికెళ్ళి మొహం వేలాడేసుకుని చెప్పొచ్చు, పదకొండింటికి డ్రైవింగ్ స్కూలాయన కారు చూడ్డానికి ఇక్కడికే వస్తానన్నాడు, ఎలాంటి కాగితమైనా నేను చూసుకుంటాలెండి అన్నాడు, మా ఆవిడకి ఇదేమీ తెలియదు, పొద్దున తాళాలు నా చేతిలో పెట్టి, ఇవాళ్టితో నా పేరుకి మారిపోతుంది కదండీ, మీరుంటే నాకు బెంగలేదు అని, ల్యాబు సంచీ భుజాన వేసుకుని, సూదులూ గొట్టాలూ సర్దుకుని బస్సెక్కి పోయింది, ఇంటింటికీ తిరిగి రక్తం తీసే పని ఆవిడది, తెల్లారకుండానే కారు తీస్తుంది, ఆ కారు లేకపోతే రోజుకి పన్నెండిళ్ళు తిరిగే మనిషి నాలుగిళ్ళు కూడా తిరగలేదు, నాకు తెలుసు, తెలిసే చేస్తున్నాను, కొత్తది కొనిస్తాను, మంచిది, నా చేత్తో కొన్నది కొనిస్తాను, కానీ ఇది పోవాలి.

బస్సులో ఆ సంచీతో నిలబడే ఉంటుంది పాపం, సీటు దొరికుండదు, మీరుంటే నాకు బెంగలేదు అంది, ఛ, ఇప్పుడా మాట గుర్తు రావాలా.

తేదీల గడి చూశాను, తయారైన నెల ఒకటి, రిజిస్టరైన నెల ఇంకొకటి, మధ్యలో మూడు నెలల తేడా, గుండె ఎగిరి గంతేసింది, ఇదేంటండీ ఈ తేడా అని ఏజెంటు ముందు పెట్టాను, ఆయన అద్దాలు పైకి జరుపుకుని, ఇందులో తేడా ఏముందయ్యా, ఫ్యాక్టరీలో బయటపడ్డ తేదీ అది, ఆఫీసులో పేరెక్కిన తేదీ ఇది, ఏ బండికైనా ఇంతే అన్నాడు, ఛాసిస్ నంబరు పదిహేడు అక్షరాలు లెక్కపెట్టాను, ఒక్కటి తగ్గితే బాగుండు అనుకుంటూ, తగ్గలేదు, ఇంజను నంబరు బాగానే ఉంది, పెట్రోలు అని రాసి ఉంది, పోసేదీ పెట్రోలే, చెల్లుబాటు ఇంకా అయిదేళ్ళుంది, నిక్షేపంలాంటి బండి బాబూ, ఆవిడ చేయి మంచిది అని ఏజెంటు మెచ్చుకుంటుంటే ఒళ్ళు మండిపోయింది, ఆవిడ చేయి మంచిదేనయ్యా, ఆ చేయి ఎవరి బండిని అంత జాగ్రత్తగా తుడుస్తోందన్నదే నా ఏడుపు, ఆదివారం పూట బకెట్టు పట్టుకుని బానెట్టు మీద గుడ్డతో ఎంత మెత్తగా రాస్తుందో, నాకు జ్వరమొస్తే కూడా నుదుటి మీద అంత మెత్తగా చేయి వేయలేదు, వేసిందేమో, నాకు గుర్తులేదు.

ఆ కింద యజమాని క్రమసంఖ్య, ఒకటి, అంటే మొదటాయన ఒక్కడే, మార్చాక ఇక్కడ రెండు పడుతుంది అని ఏజెంటు వేలు పెట్టి చూపించాడు, రెండు, ఆ అంకె చూస్తే నాకు మా పెళ్ళి రోజే గుర్తొస్తుంది, షాపులో వాళ్ళంతా భుజం తట్టి, ఏమోయ్ సెకండ్ ఓనరూ అని ఆట పట్టించారు, పైకి నవ్వాను, లోపల ఉడికిపోయాను, రెండేళ్ళయింది, ఆ ఉడుకు ఇంకా దిగలేదు, అంటే ఇప్పుడు నేను రెండోవాణ్ణని సర్కారు కూడా ముద్ర వేస్తుందన్నమాట అని గొణిగితే, ఏజెంటు పకపకా నవ్వి, నువ్వెందుకవుతావయ్యా, మారుస్తున్నది ఆవిడ పేరుకి కదా, రెండో ఓనరు ఆవిడ, ఈ కార్డులో నీకసలు నంబరే లేదు అన్నాడు, పుండు మీద కారం చల్లినట్టు, రెండోవాడన్న గౌరవం కూడా లేదన్నమాట, పద్దెనిమిది గడులున్న కార్డులో నాకు ఒక్క గడీ లేదు.

పోనీ కారైనా కళ్ళకింపుగా ఉందా అంటే అదీ లేదు, అదిగో ఎండలో నిలబడి ఉంది, ఆకుపచ్చ అనాలో ఏమనాలో తెలియని రంగు, వెలిసిపోయి, ఉతికి ఉతికి ఆరేసిన లుంగీలా, నేను ఇరవై రెండేళ్ళుగా గ్యారేజీల వీధిలో రంగులు కలుపుతున్నవాణ్ణి, చూస్తే చాలు ఏది ఎన్ని చుక్కలు పడిందో చెప్పేస్తాను, అలాంటి నాకు రోజూ పొద్దున్నే తలుపు తీయగానే ఎదురుగా మొదటాయన గారి రంగు, ఒకసారి ఉండబట్టలేక అన్నాను, ఎవడు కలిపాడో గానీ ఉప్పూ కారం లేని రంగు అని, ఆవిడ నా వంక వింతగా చూసి, ఫక్కున నవ్వి, మీరే అనాలి ఆ మాట అంది, నీకేం తెలుసు ఆయన అభిరుచి అన్నట్టే వినపడింది నాకు, ఇంకోసారి, ఇలా ఇవ్వు, కొత్త రంగేయిస్తాను, నీకు నచ్చింది నా చేత్తో కలుపుతాను అంటే, వద్దండీ, ఏదైనా చేయండి గానీ ఈ రంగు మీద మాత్రం చెయ్యి వెయ్యకండి, నాకిదే కావాలి అంది, నాకిదే కావాలి, ఆ పూట నాకు ముద్ద దిగలేదు, తలనొప్పి అని చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాను.

రంగులంటే జనానికెంత పట్టుదలో, అది కావాలి ఇది కావాలి, ఇంకొంచెం ముదురు ఇంకొంచెం లేత అని ప్రాణం తోడేస్తారు, ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరే, ఒకావిడ, ఎవరో, పెయింటరు వెంట వచ్చింది, ఏ రంగమ్మా అంటే, బూడిద రంగు కాకుండా ఏదైనా ఇవ్వండి, మీకేది నచ్చితే అది అంది, నాకు నవ్వాగలేదు, బట్టల కొట్టుకెళ్ళి చిరిగింది కాకుండా ఏదైనా ఇవ్వండి అన్నట్టు, కానీ ఆ రోజు నా ఇష్టం వచ్చినట్టు కలిపాను, ఎవరూ తల మీద నిలబడి చుక్కలు లెక్కపెట్టకుండా, ఆ జోకు ఊరందరికీ చెప్పాను, మా ఆవిడకీ చెప్పాను, పెళ్ళికి ముందు, మా అమ్మకి రక్తపరీక్ష చేయడానికి వచ్చినప్పుడు, అప్పుడే మా పరిచయం, ఆవిడ పొట్ట పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది, అబ్బో నేనెంత జోకులేసేవాణ్ణో అనుకున్నాను, మిమ్మల్ని అంతకు ముందే చూశాలెండి, మీరే నన్ను చూడలేదు అంటుంటుంది అప్పుడప్పుడూ, ఎక్కడ అంటే చెప్పదు, తెలియనట్టు నటించకండి అంటుంది, ఆడవాళ్ళు అలా ఏదో అంటారు కదా.

రంగు గడి ఒక్కటే మిగిలింది, ఇది చూసి లాభమేముంది అనుకుంటూనే చూశాను, రంగు, బూడిద, మళ్ళీ చూశాను, ఎండలో నిలబడ్డ కారును చూశాను, ఆకుపచ్చ, దొరికాడ్రా దొంగ, బల్ల మీద చరిచాను, చూడండి, కాగితంలో ఒకటీ బండి మీద ఒకటీ, ఇది మారదు కదా, చెల్లదు కదా అంటే ఏజెంటు నా ఆనందం చూసి బిత్తరపోయాడు, ఏంటయ్యా లాటరీ తగిలినట్టు, ఎవరో మధ్యలో రంగు మార్పించి ఇక్కడ రాయించుకోవడం మర్చిపోయారు, రంగు మార్పుకి ఇంకో ఫారం పెడితే సరి, కాకపోతే ఇవాళ అవదు అన్నాడు, ఇవాళ అవదు, ఆ ముక్క చాలు నాకు, ఇంటికెళ్ళి ఆ ముక్కే చెబుతాను, అని లేవబోయి ఆగిపోయాను, ఎవరో మధ్యలో, మధ్యలో ఎవరు, మొదటాయన పేరున్నంత కాలం బూడిదే అయితే ఈ ఆకుపచ్చ ఎవరిది, ఆయన పోయాక వేయించిందా, ఎవరి కోసం, ఆయనకీ నాకూ మధ్య ఇంకొకడున్నాడా, ఓరి దేవుడా, ఒకడితోనే చస్తుంటే ఇద్దరా, వాడి రంగు మీదా చెయ్యి వెయ్యొద్దంది, నాకిదే కావాలన్నది వాణ్ణా.

చెవుల్లోంచి ఆవిర్లొస్తుంటే ఏజెంటు ఒక పల్చటి కాగితమూ పెన్సిలూ చేతిలో పెట్టి, ఎలాగూ వచ్చావు కదా, ఛాసిస్ నంబరు అచ్చు తీసిపెట్టు, రేపు పనికొస్తుంది అన్నాడు, రేపు లేదు పాడూ లేదు అనబోయాను, కానీ పదకొండుకింకా పావుగంట ఉంది, వెళ్ళి బానెట్టు ఎత్తాను, నంబరు లోపల వెనక ఇనుప గోడ మీద కొట్టి ఉంటుంది, మీద వేలెడు మందం దుమ్మూ జిడ్డూ, గుడ్డతో గట్టిగా తుడిచాను, ఆ నంబరు చుట్టూ, ఎండ సోకని చోట, అరచేయంత మేర, ఆకుపచ్చ, తడిగా, నిన్నో మొన్నో వేసినట్టు, ఎంత నిండైన ఆకుపచ్చ, పసుపు కాస్త ఎక్కువ పడింది, మెరుపు తగ్గించడానికి చివర రెండు చుక్కలు గోధుమ రంగు, రెండే, ఆ రెండు చుక్కలు మా మేస్త్రీ నేర్పిన గుట్టు, ఆయన పోయాక ఈ ఊళ్ళో అలా వేసేది నేనొక్కణ్ణే, చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది, ఇది నాది, ఇది నేను కలిపింది, అంచు దగ్గర పెచ్చు లేచిన చోట కింద బూడిద రంగు కనబడుతోంది, బూడిద రంగు కాకుండా ఏదైనా ఇవ్వండి, మీకేది నచ్చితే అది, ఏ రంగమ్మా అని అడిగాను కానీ తల ఎత్తలేదు, డబ్బాలోకే చూస్తున్నాను, మిమ్మల్ని అంతకు ముందే చూశాలెండి, మీరే నన్ను చూడలేదు, ఎవడు కలిపాడో గానీ ఉప్పూ కారం లేని రంగు, మీరే అనాలి ఆ మాట.

మా ఆవిడకి ఫోను చేస్తే ఎత్తి గుసగుసగా, ఏమండీ, త్వరగా చెప్పండి, ఇక్కడ పెద్దాయన నరం దొరకట్లేదు, పనయిందా అంది, బూడిద రంగు వద్దన్న ఆవిడ నువ్వేనా అన్నాను, ఇదేం ప్రశ్నండీ ఇప్పుడు, అదేదో తెలియనట్టు, నన్ను ఆట పట్టించడానికే కదా నా కథే నాకు జోకు చేసి చెప్పారు, రంగులు కలిపేవాళ్ళు మీ రంగు మీరు పోల్చుకోలేరా అంది, మరి చెప్పొచ్చు కదా అన్నాను, ఏం చెప్పాలి, ఆయన పోయాక రెండేళ్ళు ఆ బూడిద కారు చూస్తూ తిరిగాను, ఇక చాలనిపించి మీ కొట్టుకొచ్చాను, మీరు తల కూడా ఎత్తలేదు, అయినా ఎవరికోలే అనుకోకుండా అంత శ్రద్ధగా కలిపారు, అప్పుడే అనుకున్నా, ఈయన మంచివారు అని, ఉండండి పెద్దాయన అరుస్తున్నారు, కారు జాగ్రత్త అని పెట్టేసింది.

నమస్కారమండీ, ఇదేనా బండి, రంగు కాస్త వెలిసింది గానీ పర్లేదు అంటూ డ్రైవింగ్ స్కూలాయన వచ్చి బానెట్టు మీద చేయి వేశాడు, చేయి తీయండి అన్నాను, అమ్మట్లేదు, మా ఆవిడ బండి అని చెప్పాను, ఆయన ఏదో తిట్టుకుంటూ పోయాడు, కాగితం నంబరు మీద పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దాను, ఒక్కొక్క అక్షరమే తేలుతోంది, పదిహేడూ తేలాయి, తీసుకెళ్ళి బల్ల మీద పెడితే ఏజెంటు రెండు ఫారాలూ ముందుకు తోసి, ఒకటి ఆవిడ పేరుకి, ఇంకోటి రంగుకి, మొహం అలా పెట్టావేంటి, మధ్యలో రంగు మార్చినవాడెవడో తెలిసిందా ఏంటి అన్నాడు, తెలిసిందండీ అన్నాను, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాను, పెన్ను తీసుకుని ఇప్పుడున్న రంగు అన్న గడిలో ఆకుపచ్చ అని రాశాను, మొదటాయన ఈ ఆకుపచ్చ కారులో ఒక్కసారి కూడా కూర్చోలేదు, రెండేళ్ళుగా ముందు సీట్లో కూర్చుని నన్ను ఉడికించినవాడు ఆయన కాదు, డబ్బాలోకి తల వంచుకుని, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూడకుండా రంగు కలుపుతున్న నేనే.