ఇరవై రూపాయల క్యాను

"ఆడ ఐదు రూపాయలకే పోస్తాంటే ఈడ ఇరవై పెట్టేదేందే? కాళ్ళు లేవా?"

మా అత్త మారెమ్మ అడిగింది నా కూతురు చాందినిని. కాళ్ళు మాత్రం నావి. మడకశిరలో మా వీధి చివర నీళ్ళ ప్లాంటు ఆరింటికి తెరుస్తారు. వరుసలో నిలబడి, నిండు క్యాను చంకనెత్తుకుని ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. పదకొండేళ్ళుగా ఇదే నా తెల్లవారడం. ఈరోజు నేను బయల్దేరకముందే చాందిని ఫోన్ చేసి ఇంటికే ఆటోలో క్యాను తెప్పించింది. డిగ్రీ చదువుతూ ట్యూషన్లు చెప్పుకునే పిల్ల, తన డబ్బే ఇచ్చింది.

ఖర్చు విషయంలో మా ఇంట్లో వయసుకో మతం. అత్తకు అరవై ఎనిమిది. ఒంటితో అయ్యే పనికి రూపాయి పెట్టడం ఆమె దృష్టిలో పాపం. రూపాయితో పోయేదానికి ఒళ్ళు హూనం చేసుకోవడమేంటని ఇరవయ్యేళ్ళ చాందిని వాదన. మా ఆయన జయరాం నడివయసువాడు కదా, కొత్త ఫోనుకు నెలనెలా కంతులు, స్నేహితులకు రోజూ టీలూ బజ్జీలూ. దాన్ని ఎవరూ ఖర్చనరు. "మగోడన్నాక ఉంటాయిలే" అంటుంది అత్త. నాకూ నలభై మూడే, మరి నాకు ఏ మతమూ లేదు. అప్పడాలు కొనం, కారం కొనం, ఇడ్లీ పిండి కొనం. ఎంత పొదుపైన ఇల్లో అని చుట్టాలు అత్తను మెచ్చుకుంటారు. ఆ కొననివన్నీ చేసేది నా చేతులే.

అలాంటిదాన్ని, నేనూ చాందిని మీదే అరిచాను. "దుడ్లేమన్నా చెట్లకు కాస్తాండాయా?" అచ్చం అత్త గొంతు. నాకే సిగ్గేసింది.

పిల్ల కోప్పడలేదు. "పదహైదు రూపాయలు మిగిల్చినావు, సరే. దానికి నువ్వేం పోగొట్టుకుంటాండావో చెప్పమ్మా."

అది నాకు తెలుసు. బట్టల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా కుడుతున్నాను. ఇప్పుడు లైను సూపర్‌వైజరుగా ఉండమన్నారు. సూపర్‌వైజర్లు ఆరున్నర బస్సెక్కాలి. జవాబు ఈరోజే చెప్పాలి. నిన్న జయరాంతో అంటే, ఫోనులోంచి తలెత్తకుండా, "మరి నీళ్ళెవరు తెస్తారు?" అన్నాడు. ఇన్నేళ్ళ నా పనితనం ఒక క్యాను దగ్గర ఆగిపోయిందని ఇప్పుడు తలుచుకుంటే కోపంతో ఏడుపొచ్చింది.

కళ్ళు తుడుచుకుని ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. వస్తానన్నాను. చాందిని నన్ను గట్టిగా వాటేసుకుంది.

"రేపట్నుంచి క్యాను ఇంటికే వస్తాది అత్తా."

"నీళ్ళకు ఇరవై రూపాయలా?"

"నీళ్ళకు ఐదే అత్తా. తక్కిన పదహైదూ నాకు."