తెగిన చోటు

...బస్సు అంబారుపేట దగ్గరున్నప్పుడు బాల మాట్లాడింది, అది ఖాయం, ఆ కిటికీ రేకు కాస్త దించండి, దుమ్మొస్తోంది అంది, కాబట్టి అంబారుపేట దాకా ఉంది, ఆ తరవాతే ఎక్కడో, అనుకుంటూ ఉమాకాంతం పీకిన ఫ్యూజు చేతిలో పట్టుకుని బ్యాటరీల గదిలో అలాగే నిలబడిపోయాడు, పైన లీవర్ల గదిలోంచి చార్జర్ ఆపేశారా ఉమాకాంతంగారూ అని వరప్రసాదరావు కేకేస్తున్నాడు, కొత్తగా వచ్చిన ఇంజనీరు, ఆపేశానండీ అని తను చెప్పిన జవాబే ఎవరో చెప్పినట్టు వినిపించింది, ఇవాళ్టితో ఈ పాత రైల్వే సిగ్నల్ కేబిన్ పని సరి, పట్టాల అవతల కట్టిన కొత్త బిల్డింగులో బల్లముందు కూచుని బటన్లు నొక్కితే సిగ్నళ్లు పడతాయట, లీవర్లు లాగే పనే లేదట, ఇన్నేళ్లూ తను డిస్టిల్డ్ వాటర్ పోసి, చిలుం తుడిచి, వాజలీను రాసి కాపాడిన ఈ గాజు సెల్స్ అన్నీ సాయంత్రానికి లారీ ఎక్కుతాయి, ఆపమంటే ఆపడం ఎంతసేపు, చార్జర్ రొద పోయేసరికి గదిలో చెవులు దిబ్బళ్లు పడ్డట్టయింది, అచ్చం ఆనాడు జగ్గయ్యపేట బస్టాండులో ఇంజను కట్టేశాక అయినట్టే, కండక్టరు వెనక్కి తిరిగి, పేట వచ్చింది సార్, ఆమెను లేపండి అన్నప్పుడు.

గోడమీద అద్దం కట్టిన పటంలో ఈ గది కరెంటు దారంతా ఉంది, చార్జర్ నించి సెల్స్‌కి, సెల్స్ నించి ఫ్యూజులకి, అక్కణ్ణించి ఎక్కడో పొలాల మధ్య ఉన్న దూరపు సిగ్నల్ మోటారుకి, అది గీసింది బాల, తన భార్య బాలాత్రిపురసుందరి, అసలు పటాన్ని చెదలు తినేస్తే కొత్తది పంపమని పై ఆఫీసుకి రాసీ రాసీ విసిగిపోయి తనే గీయబోతే గీతలన్నీ వంకర్లు పోతున్నాయి, ఇటివ్వండి, నేను గీస్తా అని క్వార్టర్సు వంటింటి గచ్చుమీద బోర్లా పడుకుని, నాలిక కొస పళ్లమధ్య పెట్టుకుని, నల్లసిరాతో, ఏవండీ, ఈ పొడుగ్గీతా పొట్టిగీతా ఏంటండీ, ఒక్కో జతా ఒక్కో సెల్లే, పొడుగుది ప్లస్సు, పొట్టిది మైనస్సు, ఓహో, అయితే పొడుగు మీరు, పొట్టి నేను, మరీ ఇన్ని జతలేంటండీ, పెళ్లివారి బస్సులాగుంది, అని నవ్వు, నవ్వితే ఆయాసం, చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండెలో కవాటం పాడైందని పెళ్లయ్యాకే తెలిసింది, తెలిసి ఏం చేస్తారు, మెట్లెక్కొద్దన్నారు, బరువులెత్తొద్దన్నారు, ఆపరేషన్ చేసినా నమ్మకం లేదన్నారు గుంటూరులో, వద్దులెండి, ఉన్నన్నాళ్లు ఉంటా, కోతలెందుకు అంది బాల, ఆ మాట చెప్పేటప్పుడు గీత వంకర పోలేదు.

నేను గీసింది పనిచేస్తోందో లేదో చూడాలి అని పట్టుబడితే ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీమీద కూచోబెట్టాడు, కేబిన్ మెట్లు ఎక్కించడానికి లేదు, బయటివాళ్లని రానివ్వకూడదు, ఆపైన ఆ గుండె, అదిగో ఆ దూరంగా కనపడేదే, చూస్తూండు అని చెప్పి వచ్చాడు, మిర్చిబస్తాలు ఎక్కించుకునే గూడ్సు కోసం పైన లీవర్ల గదిలో ఉండే సాంబయ్య లీవరు లాగాడు, సెల్స్ లోంచి కరెంటు మోటారుకి పారింది, దూరాన సిగ్నల్ చెయ్యి మెల్లగా పైకి లేచింది, కిటికీలోంచి చూస్తే బెంచీమీద బాల కూడా చెయ్యెత్తింది, దానికి జవాబు చెబుతున్నట్టు, ఎత్తిన చెయ్యి దించలేదు, గూడ్సు డ్రైవరు తనకేననుకుని టోపీ తీశాడు, సాంబయ్య కడుపు పట్టుకుని నవ్వాడు, ఇంటికొచ్చాక వారం రోజులు అదే మాట, నా గీత మీదనించే పోయిందండీ ఆ బండి, నా గీత మీదనించే, ఇరుగుపొరుగు ఆడవాళ్లకీ అదే చెప్పింది, ఆదెమ్మ పాలు పోయడానికొస్తే ఆదెమ్మకీ చెప్పింది.

ఆ వేసవిలో కాళ్లు వాచాయి, నందిగామ డాక్టరు చూసి పుట్టింట్లో కొన్నాళ్లు మంచమ్మీదే ఉంచండి అన్నాడు, పుట్టిల్లు జగ్గయ్యపేట, నందిగామలో బస్సెక్కారు, కిటికీ పక్క బాల, ఇటు తను, ఒడిలో మరచెంబు, అనాసాగరం దగ్గర రెండు గుక్కలు తాగింది, అంబారుపేట దగ్గర దుమ్ము అంది, రేకు దించాడు, తల భుజంమీద వాల్చింది, నిద్రొస్తోందా అంటే ఊఁ అంది, ఆ ఊఁ ఎక్కడ, అంబారుపేట దాటగానేనా, ఇంకా ముందుకు పోయాకనా, నవాబుపేటలో ఎవరో గంప ఎక్కిస్తుంటే బస్సు కుదిపింది, తల జారింది, తను మెల్లగా సర్దాడు, అప్పుడు వెచ్చగానే ఉంది, వెచ్చగా ఉండడం లెక్కలోకి రాదని తరవాత తెలిసింది, చిల్లకల్లులో పక్క సీటాయన బీడీ ముట్టిస్తే మనిషి పడుకుందండీ, పొగ అటు వదలండి అన్నాడు తను, భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు, లేస్తుందేమోనని, దేవుడా, లేస్తుందేమోనని కదల్లేదు, ఇక్కడ ఒక్కో సెల్లూ ముట్టుకుని, ఇది బాగుంది, ఇది నీరసపడిందని చెప్పగలిగిన వాడు, భుజంమీద మనిషి పోతే తెలుసుకోలేకపోయాడు.

ఇంటి గుమ్మంలో అత్తగారు దుర్గాంబ, జట్కాలోంచి ఇద్దరు మగాళ్లు దింపుతుంటే ఆవిడ అరవలేదు, ఏడవలేదు, మంచం వాల్చింది, కూతురి పమిట సర్దింది, తరవాత అల్లుడి మొహంలోకి చూసి, ఎక్కడ పోయింది నాయనా నా తల్లి, ఏ ఊరి దగ్గర, అంది, తెలీదండీ అన్నాడు, పక్కనే ఉన్నావుగా నాయనా, అంది, తప్పుపట్టినట్టు కాదు, ఊరికే, తెలుసుకోవాలని, ఆ ఊరికే అడిగిన మాట మూడేళ్లుగా నిద్రపోనివ్వడం లేదు, సెలవు దొరికితే చాలు నందిగామ వెళ్లి ఆ బస్సే ఎక్కుతాడు, ఆ పక్క సీటే, కిటికీ దగ్గర ఎవరు కూచున్నా ఫర్వాలేదు, తీగ తెగితే వెతికినట్టే వెతుకుతాడు, తీగకైతే సగం దారిలో దీపం పెట్టి చూస్తే చాలు, వెలిగిందా తెగిన చోటు అవతల ఉంది, వెలగలేదా ఇవతలే, అలా సగం సగం చేసుకుంటూ పోతే దొరక్కుండా పోదు, ఇన్నేళ్ల సర్వీసులో దొరక్కుండా పోయింది ఒక్కటీ లేదు, అందుకే అంబారుపేటలో ఉంది, చిల్లకల్లులో లేదు, ఉంటే ఆ బీడీ పొగకి ఒక్కసారైనా దగ్గేది, మధ్యలో నవాబుపేట, నవాబుపేటలో సర్దినప్పుడు నిట్టూర్చినట్టయింది, అది నిట్టూర్పేనా, లేక బస్సు కుదుపుకి వచ్చిన గాలా.

ఉమాకాంతంగారూ, ఆఖరిది తీసెయ్యండి, అని వరప్రసాదరావు మెట్లు దిగి గుమ్మంలోకి వచ్చి నించున్నాడు, వెనకే సాంబయ్య, దూరపు సిగ్నల్ ఫ్యూజు ఒక్కటే మిగిలింది, తను దాన్ని పట్టుకున్నాడు, బాల చేతిరాతలో పటంమీద దాని పేరు, గుండ్రటి అక్షరాలు, లాగాడు, ఏ చప్పుడూ కాలేదు, అమ్మగారు గీసింది గదయ్యా, ఆ పటం ఇంటికి పట్టుకుపో, లారీలో ఎందుకెయ్యడం అన్నాడు సాంబయ్య, తీసుకెళ్లండి, నేను చెప్పుకుంటా అన్నాడు కుర్ర ఇంజనీరు, తల పక్కకి తిప్పుకుని, మేకునించి దించితే గోడమీద దానిమేర తెల్లగా సున్నం, అది చంకలో పెట్టుకుని తను బయటికొచ్చాడు, ఎండ, పట్టాలు, ప్లాట్‌ఫారం చివర బెంచీమీద ఎవరో తువ్వాలు కప్పుకుని పడుకున్నారు, రేపు సెలవు, పొద్దున్నే నందిగామ వెళ్లి ఆ బస్సు పట్టుకోవాలి, ఈసారి నవాబుపేట దగ్గర దిగి చూడాలి, దిగి, దిగి ఏం చేస్తాడు, ఉమాకాంతం పట్టాల మధ్య ఆగిపోయాడు, దొరికిందే అనుకో, ఇదిగో ఈ తుమ్మచెట్టు దగ్గరే అని తెలిసిందే అనుకో, అప్పుడేం చేస్తాడు, సాంబయ్య వెనకనించి ఏందయ్యా ఆగినవ్ అంటున్నాడు, తెగిన చోటు వెతికేది అతికించడానికే కదా, తన చేతులకు వచ్చింది ఆ పనొక్కటే, ఇన్నాళ్లూ అత్తగారికి జవాబు చెప్పడానికి కాదు ఆ బస్సెక్కింది, ఆ చోటు దొరికితే అక్కడ భుజం కదిపి, బాలా, లే, పేట వస్తోంది అని లేపి, మిగతా దారి కూడా తీసుకెళ్లొచ్చని, అంతే, అందుకే, అది నవాబుపేటైనా ఒకటే, చిల్లకల్లైనా ఒకటే, బాల లేవదు.